అడ్డపొగ

అరకు సెంటర్లో బస్సు దిగేసరికి అప్ప కనిపించింది, ఫ్లెక్సీ మీద. మెడలో బంతిపూల దండ, అది కూడా కంప్యూటర్లో వేసిందే. కింద ఎర్రటి అక్షరాలు: 'వేలాది మందిని సంఘంలో చేర్పించిన ధీరవనితకు జోహార్లు'. పక్కన చేతులు జోడించిన మా సంఘం అధ్యక్షుడిగారి బొమ్మ, అప్ప బొమ్మకన్నా కాస్త పెద్దది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్ప తన జన్మలో ఒక్క మనిషిని కూడా సంఘంలో చేర్పించలేదు. చేర్పించనని ఇదే అధ్యక్షుడి మొహం మీద చెప్పింది. చనిపోయిన మనిషి లేచి కాదనలేదు కాబట్టి ఏం రాసినా చెల్లిపోతుందనుకున్నారు కాబోలు.

ఆ ఫొటోను దగ్గరికెళ్ళి చూస్తే ఇంకా మండింది. నోట్లో చుట్ట చెరిపేశారు. చుట్ట ఉన్నచోట పెదాలు అతికించి, వాటికి గులాబీ రంగు పూశారు. మొహం మీది ముడతలకు ఇస్త్రీ చేసేశారు. అసలది వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ ఫొటో. అటూ ఇటూ ఉన్నవాళ్ళను కత్తిరించి పారేసి అప్పను ఒక్కదాన్నే ఉంచుకున్నారు. కానీ థింసా ఆట ఆడే జట్టులో నిలబడేవాళ్ళు పక్కవాళ్ళ వీపు వెనక నుంచి చేతులు పోనిచ్చి నడుం పట్టుకుంటారు కదా. ఆ చేతులను కత్తిరించడం ఫ్లెక్సీ వేసినవాడి వల్ల కాలేదు. అప్ప నడుం మీద అటొక చెయ్యి, ఇటొక చెయ్యి, మనుషులు లేకుండా మిగిలిపోయాయి.

ఆ చేతులెవరివో నాకు తెలుసు. ఆ ఫొటో ఏ రోజుదో కూడా తెలుసు.

నేను అరకులో కాఫీ కార్మికుల సంఘం ఆఫీసులో నోటీసులు రాసే మనిషిని. సొంతూరు కొండకింద, మైదానంలో. నాకు స్కూటీ ఉంది కాబట్టి, సంఘం తరఫున ఇంటింటికీ వెళ్ళే అప్పను ఊళ్ళు తిప్పే పని నా మీద పడింది. తలలో తెల్లవెంట్రుకలు వచ్చిన నన్ను ఆవిడ చివరిదాకా చిన్నపిల్లను పిలిచినట్టు గుంట అనే పిలిచింది. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఉన్నంతకాలం ఎవరూ పేరుతో పిలవలేదు, అందరికీ అప్ప, అంటే అక్క. ఫ్లెక్సీ మీద ఉన్న పేరు చదివి కొండమీది వాళ్ళు సగం మంది ఇంకెవరో పోయారనుకున్నారట.

అప్పది అడ్డపొగ. మా ఉత్తరాంధ్ర వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. నోరు మూసుకుని నిప్పును లోపల దాచుకోవడం. అది నోట్లో ఉన్నంతసేపు మాట్లాడటం కుదరదు. అప్పకు కావలసింది అదే. ఎవరింటికి వెళ్ళినా అరుగు మీద కూర్చుని, చుట్ట వెలిగించి, తిప్పి నోట్లో పెట్టేసుకునేది. ఇక ఎదుటివాళ్ళు మాట్లాడాల్సిందే. పంటినొప్పి, మేక తప్పిపోవడం, కోడలి పొగరు, సూపర్‌వైజర్ తిట్టిన తిట్లు, అన్నీ వరసగా వచ్చేవి. అప్ప కళ్ళతో ఊ కొట్టేది. నేను ఓపిక పట్టలేక మధ్యలో మన సంఘం డిమాండ్లు ఎత్తబోతే నా తొడ మీద గట్టిగా గిల్లేది. ఆ మచ్చలు కొన్ని వారాల తరబడి ఉండేవి.

బయటికొచ్చాక అడిగేదాన్ని, "ఏంటప్పా, ఇంతసేపు కూర్చుని ఒక్క మాటైనా చెప్పలేదు" అని.

"నానేటి సెప్పాలే? ఆలు సెప్పినారు గదా. నువ్వినలేదేటి?"

మా సంఘానికి మాటలు చెప్పేవాళ్ళ కొరత ఎప్పుడూ లేదు. మైకు దొరికితే వదలని జాతి మాది. అధ్యక్షుడు మొదలుపెడితే ప్రపంచ పెట్టుబడి దగ్గర ఎక్కి అరకు దగ్గర దిగేసరికి వినేవాళ్ళ కాళ్ళు తిమ్మిరెక్కేవి. చుట్ట పెట్టుకుని నోరు మూసుకునే నాయకుణ్ణి నేను ఈ ఒక్క మనిషిలోనే చూశాను.

ఒకసారి సంఘం కాఫీ కంపెనీలో ఒకరోజు పని ఆపమని పిలుపిచ్చింది. పుస్తకాల ప్రకారం పనివాళ్ళందరూ మా సభ్యులే. పొద్దున్నే గేటు ముందు జెండా పట్టుకుని నిలబడ్డవాళ్ళం అధ్యక్షుడు, ఆయన డ్రైవరు, అప్ప, నేను. మా సభ్యులందరూ బుట్టలు తగిలించుకుని మా పక్కనుంచే లోపలికి వెళ్ళిపోయారు. మర్యాద తెలిసినవాళ్ళు, కొందరు నమస్కారం కూడా పెట్టారు. అంతా అయ్యాక అధ్యక్షుడు తేల్చిందేమిటంటే, మన బలం చాలలేదు, కాబట్టి సభ్యత్వం పెంచాలి. అప్ప చేతిలో కొత్త రసీదు పుస్తకాలు పెట్టాడు.

అప్ప చుట్ట తీసింది. "ఉన్నోలు రానేదు. కొత్తోలు వత్తారేటి బావూ? గోనెకి సిల్లడిపోతే పైనుంచి ఇంకా పళ్ళు పోత్తారేటి?"

"అది కాదమ్మా, సంఖ్య ముఖ్యం. పైవాళ్ళకు లెక్క చూపించాలి."

"నానెవులినీ సేర్పించను. ఉన్నోలు ఉన్నారో నేరో ముందు సూసొత్తాను."

ఆయన నవ్వి కారెక్కేశాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. చంటిపిల్ల మాటకు నవ్వే నవ్వు. ఆ రసీదు పుస్తకాలు అప్ప పొయ్యి అంటించుకోవడానికి చలికాలమంతా పనికొచ్చాయి.

ఉన్నవాళ్ళను చూసి రావడానికి బయల్దేరిన మొదటి రోజే మాకు తగలాల్సింది తగిలింది. మొదటి ఇంట్లో నేనే అడిగాను, "మీరు సంఘంలో ఉన్నారు కదా?" అని. ఆ పెద్దాయన మొహం పాలిపోయింది. "మాకేటీ తెల్దమ్మా. అన్నలు ఈ పక్క రావడం మానీసి శానా కాలమైంది" అన్నాడు. ఒకప్పుడు సంఘంలో ఉన్నావా అని అడిగింది పోలీసులు. అవునన్నవాణ్ణి జీపెక్కించేవాళ్ళు. రెండో ఇంట్లో అదే ముక్క అడిగితే, "ఎల్తామమ్మా, పతీ ఆదివారం ఎల్తాం, పాస్టరుగారు కూడా మంచోరు" అంది ఇల్లాలు. చర్చిలో కూడేదాన్నీ సంఘమే అంటారు. మూడో ఇంట్లో, "ఈ నెల వాయిదా కట్టీసినాం" అన్నారు. అది డ్వాక్రా సంఘం. మా సంఘం ఒకటుందని, అందులో తాము సభ్యులమని ఒక్క ఇంట్లో కూడా గుర్తులేదు.

దారిలో స్కూటీ వెనక అప్ప ఊగిపోతూ నవ్వింది. "ఏ సంగమే గుంటా? ఒకదానికి జైలంట, ఒకదానికి పరలోకమంట, ఒకదానికి లోనంట. నీ సంగమెల్తే ఏటొత్తాది?"

నాకు నవ్వు రాలేదు. ఏళ్ళ తరబడి నోటీసుల మీద ఆ మాట పెద్దక్షరాలతో రాస్తున్నది నేనే. ఒక్క నాయకుడూ ఈ ఊళ్ళలోకి వచ్చి ఆ మాటకు ఇక్కడ అర్థమేమిటని అడగలేదు.

ఆ తర్వాత అప్ప ఆ మాట వాడలేదు. జట్టు అనేది. థింసా ఆడేది జట్టు, కొండపోడులో కలిసి పని చేసేది జట్టు. ఆ మాటకు పోలీసు లేడు, పాస్టరు లేడు, బ్యాంకు లేదు.

ఇక సొమారి సంగతి.

సొమారి ఆ కంపెనీ పల్పింగ్ షెడ్డులో పనిచేసేది. కాఫీ పండును కోసిన రోజే మిషన్లో వేసి తొక్క తీసేయాలి. ఆగితే పులిసిపోతుంది. పులిసిన గింజకు విలువుండదు. ఆ షెడ్డులో ఆడవాళ్ళే ఎక్కువ. బయటినుంచి కొనుగోలుదార్లు వచ్చినప్పుడల్లా మేనేజరు ఈ ఆడవాళ్ళనే మిషన్ దగ్గర్నుంచి లేపి, ఒకే రంగు చీరలిచ్చి, థింసా ఆడించేవాడు. రెక్కలు ముక్కలయ్యేలా పనిచేసినవాళ్ళు నవ్వుతూ ఆడాలి. దాన్ని మన సంస్కృతి అనేవాడు. ఆ మాటంటే నాకు అప్పటినుంచే కంపరం. ఎవరి సంస్కృతిని ఎవరు ఎవరికి వడ్డిస్తున్నారో అడిగే దిక్కు లేదు.

ఒకసారి సొమారి ఆడనంది. తండ్రి పోయాడు, దినం ఇంకా కాలేదు. ఇక్కడ చేతిలో డబ్బు పడ్డాకే దినం చేస్తారు, నెలలు పట్టినా. ఇంట్లో చావు ఉన్న మనిషి జట్టులో అడుగు వేయదు. ఆ మాటే చెప్పింది. సూపర్‌వైజరు, "ఆడకపోతే రేపట్నుంచి పనిలోకి రాకు" అన్నాడు. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. పండు బాగా వచ్చే రోజులు, ఇంట్లో పిల్లలు, మొగుడు మంచంలో. ఆ పని పోతే సొమారికి ఇంకో పని లేదు.

మా ఆఫీసుకొచ్చి చెబితే అధ్యక్షుడు వినతిపత్రం రాయమన్నాడు. రాశాను. ఇచ్చాం. వాళ్ళు తీసుకున్నారు. అంతే.

అప్ప మాత్రం నా స్కూటీ ఎక్కింది. ఇంటింటికీ వెళ్ళి, చుట్ట కాలినంతసేపు విని, అది తీశాక ఒకే ఒక్క ప్రశ్న వేసేది.

"నీకు కట్టమొత్తే ముందు ఎవులింటికెల్తావు?"

ఒక్కరూ మా సంఘం గ్రామకమిటీ కార్యదర్శి పేరు చెప్పలేదు. అధ్యక్షుడి పేరు సరేసరి. అన్ని ఇళ్ళలోనూ వినిపించిన పేరు బుద్రి. పురుడొస్తే బుద్రి, మొగుడు కొడితే బుద్రి, పిల్లాడికి జ్వరమొస్తే బుద్రి. షెడ్డులో మిషన్ దగ్గర పని. మీటింగంటే ఆమడ దూరం పోయే మనిషి. మా దగ్గర ఆవిడ పేరు కింద 'చురుకు లేదు' అని రాసి ఉంది.

బుద్రి ఇంట్లో అప్ప రెండు చుట్టలు కాల్చింది. బుద్రి ముందే చెప్పేసింది, "నన్ను మీటింగులకి పిలవొద్దప్పా, నాను రాను." అప్ప తలూపింది. ఆ తర్వాత బుద్రి తనంతట తనే షెడ్డు సంగతులన్నీ చెప్పుకొచ్చింది. నీళ్ళలో నిలబడి నిలబడి పాదాలు పాచిపోయిన సంగతి, చీర కట్టించి ఫొటోలు తీసే సంగతి. చుట్టకూ చుట్టకూ మధ్య వాళ్ళిద్దరూ తమ ఆదివాసీ ఒడియాలో కూడా మాట్లాడుకున్నారు. నాకు తెలియాలనుకున్నది మాత్రం అప్ప తెలుగులో అడిగింది.

"సొమారి ముందు నీ కాడికే ఒచ్చిందట గదా. నువ్వేటి సెప్పినావు?"

బుద్రి చేటలో చోళ్ళు, అదే రాగులు, చెరగడం ఆపలేదు. "ఊరుకోమన్నాను" అంది.

"ఇప్పుడేటి సెప్తావు?"

బుద్రి చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్ప లేచి నడుం పట్టుకుని వచ్చేసింది. నాకు చిరాకేసింది, పని అవ్వలేదని. "అయింది. పద బేగి" అంది అప్ప.

తర్వాత అప్ప షెడ్డులో ఆడవాళ్ళకు చెప్పించింది ఇంత చిన్న విషయం: మధ్యాహ్నం అంబలి ఎవరికి వాళ్ళు మూలల్లో కూర్చుని తాగకుండా, అందరూ ఆరుబయట కళ్ళంలో ఒకేచోట కూర్చుని తాగాలి. అంతే. నినాదం లేదు, జెండా లేదు. సూపర్‌వైజరు చూసి పట్టించుకోలేదు కూడా. అప్ప కంచె బయట నిలబడి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చూసేది. రానివాళ్ళ ఇంటికి ఆ సాయంత్రం మా స్కూటీ వెళ్ళేది. మొదటిరోజు మూలల్లోనే ఎక్కువమంది మిగిలిపోయారు. తర్వాత ఒకరోజు బుద్రి తన చెంబు పట్టుకుని కళ్ళం మధ్యలోకి వచ్చి కూర్చుంది. ఆమె వెనకాలే మూలలన్నీ ఖాళీ అయ్యాయి. మైకులో మేం ఏళ్ళ తరబడి అరిచి చేయలేనిది చోడంబలి చెంబులతో జరిగిపోయింది.

మళ్ళీ అతిథులు వచ్చారు. ఆ పొద్దున కోసిన పండంతా షెడ్డు ముందు ఎర్రగా రాశి పోసి ఉంది. మేనేజరు అలవాటు ప్రకారం మిషన్ ఆపించి, చీరలిచ్చి, ఆడవాళ్ళను కళ్ళంలోకి రమ్మన్నాడు. ఇది మాత్రం మర్చిపోకండి, పని ఆపింది ఆయనే.

వాళ్ళు వచ్చారు. వరసగా నిలబడ్డారు. చేతులు వెనకనుంచి కలిపారు. అప్ప ఆ రోజుల్లో అదే కంపెనీ తోటలో కాయ కోతకు వెళ్ళేది, తనూ వచ్చి వరసలో నిలబడింది, చుట్ట తిప్పి నోట్లో పెట్టుకుని. ఒక పక్క బుద్రి. రెండో పక్క చోటు వదిలి ఉంచారు. డప్పులు మొదలయ్యాయి. మోరి సన్నాయి ఊదారు. అతిథులు ఫోన్లు ఎత్తారు.

అడుగు పడలేదు.

డప్పువాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మళ్ళీ మొదలుపెట్టారు. వరస కదల్లేదు. అతిథుల్లో ఒకమ్మాయి ఇది కూడా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టింది. సూపర్‌వైజరు అరిచాడు. మేనేజరు వచ్చి నవ్వుతూ బతిమాలాడు, నవ్వు ఆపి బెదిరించాడు, ఆడకపోతే పోయి మిషన్ తిప్పమన్నాడు. దానికీ ఎవరూ కదల్లేదు. పండు ఎండలో ఉంది. పులుపు వాసన నెమ్మదిగా కళ్ళం దాకా వచ్చింది. ఆ వాసన తగిలాకే మేనేజరు మొహంలో రంగు మారింది. నేను కంచె బయట నిలబడి చూస్తున్నాను. ఆ వాసనంత తియ్యటిది నా జన్మలో ఇంకోటి పీల్చలేదు.

పెద్దావిడ కదా అని ఆయన అప్ప ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఏం కావాలి మీకు? చెప్పవమ్మా."

అప్ప నోట్లో నిప్పుంది. ఎలా చెబుతుంది? గడ్డం ఎత్తి గేటు వైపు చూపించింది. గేటు బయట సొమారి నిలబడి ఉంది.

ఆయన చాలాసేపు సొమారి వైపు, పండు వైపు, అతిథుల వైపు మార్చి మార్చి చూశాడు. చివరికి వాచ్‌మన్‌కు చెయ్యి ఊపాడు. సొమారి నడిచి వచ్చింది. వదిలిన చోటులో నిలబడి అప్ప నడుం వెనక చెయ్యి వేసింది. చప్పట్లు కొట్టిన అమ్మాయి సరిగ్గా అప్పుడే ఫొటో తీసింది. ఇక ఆడతారనుకున్నారు అందరూ. ఆడలేదు. సొమారి తండ్రి దినం ఇంకా కాలేదు మరి. చేతులు విడదీసి, ఆ కొత్త చీరలతోనే వెళ్ళి మిషన్ తిప్పారు. మర్నాటినుంచి సొమారిని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. అతిథుల ముందు ఆడమని షెడ్డువాళ్ళను ఎవరూ పిలవలేదు.

ఫ్లెక్సీ మీద ఉన్నది ఆ ఫొటో. మా ఆఫీసులో ఎవరో ఫోన్లో వెతికి పట్టుకున్నారు. థింసా ఆడుతున్న అప్ప అనుకున్నారు.

ఆ చుట్టే చివరికి ఆవిడ నోట్లో పుండైంది. మానమని నేను పోట్లాడాను. "నీలాగ వాగమంటావేటే?" అంది. విశాఖ ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళేసరికి మాట పడిపోయింది. పక్క మంచం ఆవిడ తన గోడంతా చెబుతుంటే అప్ప ఆవిడ వైపు తిరిగి పడుకుని కళ్ళతో ఊ కొడుతోంది. నోట్లో నిప్పు లేదు, అంతే తేడా.

సంతాపసభ అన్నారు. అధ్యక్షుడు ఫోన్ చేసి, పైనుంచి పెద్దలు వస్తున్నారు, మన ఆడవాళ్ళతో థింసా పెట్టించు, ఆవిడకు థింసా అంటే ప్రాణం కదా, మన సంస్కృతి కదా అన్నాడు. ఆ మాట ఆయన నోట వినేసరికి ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. "దినం కాలేదు సార్. చావున్న జట్టు అడుగెయ్యదు" అన్నాను.

"అవన్నీ మూఢనమ్మకాలమ్మా."

కంపెనీ మేనేజరు ఈ మాత్రం కూడా అనలేదు. ఆయనకు ఏం తెలియదు, ఆడించాడు. ఈయనకు చెప్పినా అక్కర్లేదు.

సభకు వెళ్ళాను. వేదిక పక్కనే ఒక బల్ల, బల్ల మీద కొత్త రసీదు పుస్తకాలు. సంతాపానికి వచ్చినవాళ్ళను అక్కడికక్కడే చేర్చుకుందామని. వేదిక వెనక అదే ఫ్లెక్సీ, ఇంకా పెద్దది. షెడ్డు ఆడవాళ్ళందరూ వచ్చారు. పిలిచినందుకు కాదు, అప్ప కోసం వచ్చారు. ఆడండమ్మా అనగానే వరసగా నిలబడి చేతులు వెనకనుంచి కలిపారు. అధ్యక్షుడు సంతోషంగా నా వైపు చూశాడు, నువ్వే అనవసరంగా భయపెట్టావన్నట్టు.

డప్పు మోగింది. అడుగు పడలేదు.

మైకులో, "మొదలుపెట్టండమ్మా" అన్నాడు. డప్పు ఇంకోసారి మోగింది. కుర్చీల్లో పెద్దలు కదిలారు. ఆయన వేదిక దిగి వచ్చి సొమారి ముందు నిలబడ్డాడు. సొమారి చెయ్యి పక్కనున్న బుద్రి నడుం మీద ఉంది. ఈసారి వాళ్ళిద్దరి మధ్యా మనిషి లేదు.

"ఏమైందమ్మా? ఏం కావాలి?"

సొమారి గడ్డం ఎత్తి ఫ్లెక్సీ వైపు చూపించింది.

"ఆ సేతులు ఎవులివి బావూ?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ ఫ్లెక్సీ వేయించిన మనిషి అప్ప నడుం మీద చేతులుండటం అప్పుడే గమనించాడు.

"మీ సంగంలోవే" అంది సొమారి. "ఎవులివో సెప్పు."

అందులో ఒక చెయ్యి ఆయన కళ్ళముందే, జానెడు దూరంలో ఉంది. ఆయన నా పక్కకు జరిగి, మైకుకు వినపడకుండా గొంతు తగ్గించి, "ఎవరివమ్మా అవి?" అని అడిగాడు.

నాకు తెలుసు. నోట్లో నిప్పున్నదానిలా ఊరుకున్నాను.